ఎత్తిన చేతులు

మా భాషాకేంద్రంలో ఫ్రెంచి పేపర్లు దిద్దేముందు ఒక పద్ధతి ఉంది. టీచర్లం నలుగురం టీ బల్ల చుట్టూ కూర్చుంటాం. అనుమానమున్న జవాబు ఒకరు చదివితే, ఒప్పుకునేవాళ్లు చేయెత్తుతారు. అన్ని చేతులూ లేస్తే అదే తీర్పు. కాగితం మీద పెట్టం. మాటంటే మాటే అనుకునేవాళ్లం. మా తెలివి అలా తెల్లారింది.

ఈసారి చిక్కు 'సందర్శకుల గుంపు' దగ్గర వచ్చింది. ఫ్రెంచిలో ఉత్త 'గుంపు' అంటే క్రియ ఏకవచనంలోనే ఉండాలి. 'సందర్శకుల గుంపు' అంటే మాత్రం, గుంపును చూసేవాడు ఏకవచనం రాయొచ్చు, మనుషుల్ని చూసేవాడు బహువచనం రాయొచ్చు.

"రెండూ ఒప్పేనే. మార్కు వేసేద్దాం," అని అందరికంటే ముందు చేయెత్తింది అక్క. తోడబుట్టింది కాదు. ఈ ఉద్యోగంలో నన్ను వేలు పట్టుకుని నడిపించిన సీనియర్. ఆ పేపరు నేను పాఠాలు చెప్పే పై తరగతిది కాబట్టి దిద్దింది నేను.

బహువచనం రాసినమ్మాయికి మార్కు వేయడం వల్లే తన కూతురికి మొదటి స్థానం పోయిందని ఒక తండ్రి వచ్చి గొడవ చేశాడు. డైరెక్టరుగారికి ఫ్రెంచి రాదు, భయం మాత్రం బాగా వచ్చు. మా నలుగురినీ పిలిచారు.

"ఎవరి నిర్ణయం ఇది?"

"అందరిదీ సార్. నలుగురం చేతులెత్తాం," అన్నాను.

పొడుగు మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. కొత్త టీచరు పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టింది. నేను ధీమాగా అక్క వైపు తిరిగాను.

"నేనా? ఏమోనమ్మా, నాకైతే గుర్తులేదు," అంది.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాయం! మేం వేసిన మార్కు ముమ్మాటికీ ఒప్పే. అయినా పై తరగతి నా దగ్గర్నుంచి తీసి అక్కకిచ్చారు. రేపటి నుంచి నేను అక్షరాలు దిద్దించాలి.

మధ్యాహ్నం అక్క రెండు కప్పుల టీ పట్టుకొచ్చింది.

"ఏమనుకోకే. ఈ వయసులో నన్ను పొమ్మంటే ఎవరు పిలుస్తారు చెప్పు?" ఒక కప్పు నా ముందుకు జరిపి, "ఆ గుంపు పాఠం నువ్వు చెబితే పిల్లలకి ఇట్టే ఎక్కుతుంది. ఎలా మొదలుపెడతావో కాస్త చెప్పవూ?" అంది.

నమ్మించి గొంతు కోసింది చాలక, కత్తికి పదును కూడా నన్నే పెట్టమంటోంది.

"చెప్తానక్కా. ఆ రోజు ఎత్తిన చేయి ఇప్పుడోసారి ఎత్తు, చాలు."

నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయింది. గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. అయినా తలుపు వైపు ఒకసారి చూసుకుంది. చేయి మాత్రం కప్పు దగ్గరే ఉండిపోయింది.