తేట బుర్ర

"ఏం కూర చెయ్యాలో నన్నడగొద్దని చెప్పానా? చిన్న చిన్న నిర్ణయాలే బుర్రని తినేస్తయ్యి," అన్నాడు చెన్నకేశవరావు, కంచం ముందుకు లాక్కుంటూ. భార్య రత్నకుమారి దొండకాయ వేపుడు వడ్డించింది.

నరసరావుపేటలో అతను జూనియర్ కాలేజీ లెక్చరర్. సైకాలజీ వీడియోలు చూసీ చూసీ, ఈమధ్య ఆదివారాలు కల్యాణమండపం తీసుకుని, మెదడును సైన్సు ప్రకారం ఎలా వాడుకోవాలో క్లాసులు చెబుతున్నాడు. ఆ సైన్సు ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, కూతురి స్కూలు వాట్సాప్ గ్రూపు, అత్తగారి బీపీ మాత్రలు, చివరికి అతని చెల్లెలి పెళ్ళిరోజు కూడా రత్నకుమారి తలలోకి చేరాయి. ఆ తలతోనే ఆమె ల్యాబ్‌కు వెళ్ళి రోగుల దగ్గర రక్తం తీసేది. శుక్రవారం ఒక ట్యూబు మీద ఇంకొకరి పేరు అంటించబోయి, ఆఖరి క్షణంలో చూసుకుంది. ఆ లేబులు పీకేస్తుంటే వెనకనుంచి మాట వినబడింది.

"ఆడోళ్ళకి ధ్యాసంతా ఇంటి మీదేనమ్మా," అన్నాడు ల్యాబ్ ఓనరు.

ఇంటికొచ్చి చెబితే భర్త నవ్వాడు. "నీకు ఫోకస్ లేదు రత్నా. నా క్లాసుకి రా, బాగుపడతావు."

వెళ్ళింది. గుమ్మంలోనే టీ కప్పుల ట్రే చేతికిచ్చాడు.

"మా ఇంట్లో గ్యాస్ ఎప్పుడైపోద్దో నాకు తెలవదు. మా అమ్మ ఏ మాత్ర మింగుద్దో తెలవదు. అందుకే నా బుర్ర ఇంత తేటగా ఉంది!" అన్నాడు మైకులో. చప్పట్లు.

ముందు వరసలో ఒకమ్మాయి లేచింది. "మరి అయ్యన్నీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు సార్?"

"అదుగో, నా హార్డ్ డిస్క్!"

వేలు తిన్నగా రత్నకుమారి వైపే చూపించాడు. హాలంతా గొల్లుమంది.

అతను చెప్పేది అబద్ధమైతే రత్నకుమారికి ఇంత రోత పుట్టేది కాదు. నిజమే, అనవసరమైనవి దించుకుంటే బుర్ర తేటపడుతుంది. ఆ సంగతి ఈ మనిషికి తెలుసు. తెలిసే, తన ఇంటి కసువంతా ఎత్తి ఆమె తలలో పోశాడు. ఆ బరువుకి ఆమె తడబడితే ఫోకస్ లేదన్నాడు. ఇప్పుడు పదిమందిలో దాన్నే తన తెలివిగా అమ్ముకుంటున్నాడు. ఆ ఇకిలింపు, మైకు మీద తుంపర్లు... పక్కన కూర్చుని అన్నం తిన్న మనిషేనా ఇతను! ట్రే కుర్చీలో పెట్టి బయటికి నడిచింది.

సాయంత్రం అత్తగారు రామలక్ష్మి కేకేసింది. "ఏమే రత్నా, నా మాత్రలు అయిపోవచ్చినయ్యి."

రత్నకుమారి ఆ మాత్రల అట్ట తెచ్చి సోఫాలో ఉన్న భర్త చేతిలో పెట్టింది. "ఇక నుంచి ఇవి మీరు చూసుకోండి. స్కూలు గ్రూపులో మీ నంబరు పెట్టించాను. గ్యాసు మెసేజీ కూడా మీకే వస్తది."

"ఏంది, ఇయ్యన్నీ నాకేడ గుర్తుంటయ్యి?"

"మగోడు, వాడికేం తెలుసే?" అంది రామలక్ష్మి.

"తెలవకపోతే నేర్చుకుంటారత్తయ్యా. మెదడు ఏ వయసులోనైనా కొత్తవి నేర్చుకుంటదంట. మగోళ్ళది వేరే మెదడని సైన్సు ఎక్కడా చెప్పలేదు."