కొన్న చోటే అడగండి

స్టవ్ మీది పాలు పొంగకుండా ఓ కన్నేసి, చల్లటి గిన్నె ఒకటి చెంపకి ఆనించుకుని నిలబడింది ఆమె. పన్ను నొప్పి వారం నుంచీ ప్రాణం తోడేస్తోంది. "డాక్టరుకి చూపించుకుంటానండీ" అంటే, భర్త పేపర్లోంచి తలెత్తకుండానే, "పెళ్ళికి ముందునుంచీ ఉన్న పన్నేగా, మీవాళ్ళకి చెప్పు" అన్నాడు. అదో పెద్ద హాస్యం. అత్తగారు కూడా నవ్వింది. ఆమె చెప్పకుండా ఉంటుందా? సరిహద్దు అవతలున్న పుట్టింటికి నిన్ననే ఫోన్ చేస్తే, "ఇప్పుడు నువ్వు వాళ్ళ మనిషివి తల్లీ, మేం చూపిస్తే అల్లుడుగారికి నామోషీ" అంది అమ్మ. నెలనెలా జీతం తెచ్చి భర్త చేతిలో పెట్టే మనిషికి, ఒక్క పన్ను చూపించే దిక్కు రెండు దేశాల్లో కలిపి లేకపోయింది.

ఆమె ఉద్యోగం సైకిల్ తాళాల కంపెనీ సర్వీస్ కౌంటర్లో. సరిహద్దు పక్క ఊరు కనక, చవగ్గా వస్తాయని సగం మంది అవతల కొంటారు, పాడైతే ఇక్కడికొస్తారు. "కొన్న దేశంలోనే వారంటీ అండీ, అక్కడే అడగండి" అన్న మాట ఆమె నిద్రలో లేపినా చెప్పగలదు.

ఆ రోజు దర్జీ పనిచేసే ఓ పెద్దావిడ, తాళం బిగుసుకుపోయిన వెనక చక్రాన్ని చేత్తో ఎత్తిపట్టి, సైకిల్ని కౌంటర్ దాకా నడిపించుకొచ్చేసింది. కౌంటర్ వెనకనుంచి ఆమె ఆ పాత పాటే పాడింది.

"అక్కడా అడిగానమ్మా. వాడేది ఇక్కడ కదా, ఇక్కడే అడగమన్నారు అవతలివాళ్ళు," అంది దర్జీ. "అమ్మేటప్పుడు ఒకటే కంపెనీ, పాడయ్యాక రెండా?"

"రూల్ అండీ."

"మంచిది. మీరూ మీరూ తేల్చుకోండి. నాకు తొందర్లేదు."

అరవలేదు, బతిమాలలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, సంచీలోంచి చొక్కా తీసి కాజాలు కుట్టడం మొదలెట్టింది. అబ్బ, ఏం నిబ్బరం! ఆమెకి చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. తనైతే ఈపాటికి "పోన్లెండి" అనేసి, సైకిల్ ఈడ్చుకుంటూ పోయి, దారంతా తననే తిట్టుకునేది. పెళ్ళైనప్పటినుంచీ ఎన్ని పోన్లెండిలో. ఆ మాట అనకుండా కూడా బతకొచ్చని ఇన్నాళ్ళూ తట్టనేలేదు.

ఫోన్ తీసి సరిహద్దు అవతలున్న కంపెనీ ఆఫీసుకి కలిపింది. తమ మేనేజర్నీ అదే లైన్లోకి లాగింది. విడివిడిగా పక్కవాడి మీదకి తోసేసే పెద్దమనుషులు, ఒకరి మాట ఒకరికి వినబడేసరికి నీళ్ళు నమిలారు. "కొత్త తాళం ఎవరిస్తారో తేలేదాకా నేను ఫోన్ పెట్టను సార్" అంది. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. చివరికి మేనేజరే దిగొచ్చాడు. మెకానిక్ పాత తాళం కోసేసి కొత్తది బిగించాడు.

"గట్టిదానివేనమ్మా," అంది దర్జీ సంచీ సర్దుకుంటూ. "ఆ బుగ్గేంటి, అంత వాచింది? చూపించుకోలేదా?"

"మా ఇంట్లోవాళ్ళు..." అని మొదలెట్టింది. మిగతా మాట చెప్పడానికి సిగ్గేసి ఆగిపోయింది.

ఆ పూటే అందిన జీతం ఈసారి ఇంటిదాకా పోలేదు. క్లినిక్ మెట్లెక్కుతూ భర్తకి ఫోన్ చేసింది.

"నాకు ఆలస్యమవుతుంది, వంట మీరు చూసుకోండి. పన్ను చూపించుకోడానికి వచ్చాను."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదండీ. నోరు నాది."