నిద్ర లేపే ఫైలు

మొహానికి పాత తువ్వాలు చుట్టుకుని ఫిక్రీ కంప్యూటర్ పెట్టెలోకి గాలి కొడుతున్నాడు. లోపల్నుంచి చెక్కపొట్టు పొగలా లేచి అతని కనుబొమల మీద, నెరిసిన మీసం మీద, చొక్కా ముడతల్లో వాలింది. చిన్న బ్రష్షుతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచి, మూత బిగించి, మీట నొక్కాడు. పెట్టె బుర్రుమంది. పక్కనే మంచం కోళ్లకు వార్నీషు వేస్తున్న అబుల్ మాతీ ముక్కు చిట్లించాడు.

"పెళ్లికొడుకువి. ఈ పూటైనా పొట్టు పూసుకోకుండా ఉండలేవా బాబాయ్?"

"సాయంత్రం కదా నిఖా. ఇంకా బోలెడు పొద్దుంది."

"ఇదివరకు రెండుసార్లూ ఇదే మాటన్నావు."

ఫిక్రీ నవ్వేశాడు గానీ మాట గుచ్చుకుంది. పోర్ట్ సయీద్ ఊళ్లో పెళ్లికూతురు ఇక్రామ్ ఇప్పటికి రెండుసార్లు అతని కోసం గోరింటాకు పెట్టుకుంది. ఒకసారి ఎవరిదో మిషను ఆగిపోయిందని ఉండిపోయాడు, ఇంకోసారి మరెవరిదో. ఈసారి కూడా రాకపోతే ఇక ఫోను చెయ్యొద్దని ఆవిడ మెల్లగా చెప్పింది. కేకలు వేసి ఉంటే అతనికింత భయం ఉండేది కాదు.

ఈజిప్టులోని ఈ దమియెట్టాలో మంచాలూ బీరువాలూ చేసే సందుల్లో కంప్యూటర్లకు రెండు జబ్బులు. ఒకటి పొట్టు, రెండోది చోటు చాలకపోవడం. ఈ ఊరివాళ్లు చెక్క కొనేటప్పుడు చెయ్యి వెనక్కి తీయరు గానీ, పెద్ద డిస్కు కొనమంటే మాత్రం మొహం తిప్పుకుంటారు. ఏ ఆఫీసో వదిలించుకున్న యంత్రాన్ని తెచ్చి, చెక్క మీద పూలూ లతలూ చెక్కే చెక్కుడు మిషనుకు తగిలిస్తారు. అందులో సగానికి పైగా విండోసే కాళ్లు బారజాపుకుని కూర్చుంటుంది. గులాబీలు, ద్రాక్షగుత్తులు, సింహపు పాదాల నమూనాలన్నీ మిగిలిన మూలలో ఇరుక్కోవాలి.

బజారులో మిగతా మెకానిక్కులకు తెలిసిన మందు ఒక్కటే, ఫార్మాట్. అంతా తుడిచేసి కొత్తగా ఎక్కించడం. ఫిక్రీ అలా కాదు. ఎవరి నమూనా మీదా చెయ్యి వెయ్యకుండా విండోస్ సొంత ఫైళ్లనే నొక్కి చిన్నవి చేస్తాడు. పని పడినప్పుడు అవి విప్పుకుంటాయి, పనయ్యాక ముడుచుకుంటాయి. వాడేవాడికి తేడా తెలియదు, నమూనాలకు మాత్రం ఊపిరాడుతుంది.

ఒదిగి ఉండటం అతనికి చిన్నప్పుడే వచ్చింది. ఒకే గదిలో అన్నదమ్ములందరి మధ్య గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఇప్పుడు ఒంటరిగా పడుకున్నా గోడవైపే తిరుగుతాడు. కలప కొట్టులో గుమాస్తాగా చేరాడు. అక్కడికి కంప్యూటర్ వచ్చినప్పుడు దాని ముందు కూర్చోవడానికి అందరూ జంకితే ఇతనే కూర్చున్నాడు. కొట్టు మూతపడ్డాక యజమాని జాలిపడి మెట్ల కింద గది ఉంచుకోమన్నాడు. ఇవాళ పొద్దున ఆ గదంతా సర్దితే ఒక్క భుజం సంచిలో పట్టింది. అతను సంచి మూతి బిగిస్తుండగానే ఇక్రామ్ ఫోను చేసింది.

"లారీ మాట్లాడుకున్నావా?"

"లారీ ఎందుకు? ఒళ్లో పెట్టుకుని వస్తాను."

"నీకోసం బీరువా సగం ఖాళీ చేశానయ్యా. ఏం పెడతావందులో?"

ఫిక్రీ ఆలోచించాడు. "చొక్కాలున్నాయి."

"సరే, దూరం దూరంగా వేలాడదీద్దాంలే. ముందు నువ్వు రా."

మధ్యాహ్నం దాటాక, ఫిక్రీ మొహం కడుక్కోబోతుంటే సాఫినాజ్ వచ్చింది. చెక్కుడు పని చేసే షౌకీ భార్య ఆవిడ. షౌకీ పోయిన దగ్గర్నుంచీ కార్ఖానా తనే నడుపుతోంది. గుమ్మంలోనే ఆగి, సంచి వైపు చూసి, తల దించుకుంది.

"తెర నల్లగా అయిపోయిందన్నా. ఒకే ఒక్క తెల్ల వాక్యం. ఎన్నిసార్లు వేసినా అదే."

"ఏం చేశావు?"

"నువ్వు చేసేదే. చోటు మిగల్చడానికి డిస్కంతా నొక్కే గడి ఉంది కదా, దానికి టిక్కు పెట్టా. కొన్ని ఫైళ్లు కుదరవు, ఏం చెయ్యమంటావని అడిగింది, అన్నిటికీ సరే అన్నా. పెళ్లికి వెళ్లేవాణ్ని పిలవడమెందుకని. షౌకీ నమూనాలన్నీ అందులోనే ఉన్నాయన్నా. ఇంకెక్కడా లేవు. ఫార్మాట్ చేద్దామని ఒకడొస్తే గుమ్మం ఎక్కనివ్వలేదు."

కార్ఖానాలో చెక్కుడు మిషను మంచం తలపలక మీద సగం గులాబీ దగ్గర ఆగిపోయి ఉంది. నల్ల తెర మీది వాక్యం చదివి ఫిక్రీ గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఏమీ పోలేదు. అన్నీ లోపలే ఉన్నాయి. మిషన్ని నిద్ర లేపే ఫైలు ఒకటుంటుంది, దాన్ని మాత్రం నొక్కకూడదు. అదే ముడుచుకుపోతే మిగతావాటిని విప్పే దిక్కుండదు."

చొక్కాలోంచి నల్లతాడు పైకి లాగాడు. దాని చివర ఫ్లాష్ ఉంది, వేలెడంత పెన్‌డ్రైవ్. పడకేసిన ఏ కంప్యూటర్నైనా అదే లేపుతుంది. ఏళ్ల తరబడి అది అతని మెడలోంచి దిగలేదు. అది గుచ్చేముందు ఇంట్లోవాళ్లని టీ పెట్టమనడం అతని అలవాటు. తను ఏం టైపు కొడతాడో ఎవరూ చూడకూడదు.

"కాస్త టీ పెట్టమ్మా," అన్నాడు. సాఫినాజ్ స్టవ్వు దగ్గరికి వెళ్లింది.

ఫిక్రీ చేతులు మీటల మీద ఆగిపోయాయి. లేపే ఫైలు విప్పడం చిటికెలో పని. ఆ తర్వాత మిగతావి సరిచెయ్యాలి, నమూనాలన్నీ తెరిచి చూడాలి. పోర్ట్ సయీద్ వెళ్లే వ్యాను బండి అంతసేపు ఉండదు, నిండగానే కదిలిపోతుంది. ఉండిపోతే సరి. నిజానికి ఆ రెండుసార్లూ అతన్ని ఎవరూ ఆగమనలేదు. నిఖా అయ్యాకే రా బాబాయ్ అన్నారు. ఫోను మోగినందుకు అతనే సంతోషించాడు. తను లేకపోతే ఈ సందులో మిషన్లు లేవవన్న నమ్మకం తప్ప అతనికి వేరే ఆస్తి లేదు. ఆ ఊళ్లో దిగాక అదీ ఉండదు. ఖాళీగా ఉన్న ఆ సగం బీరువాని తలుచుకుంటే అతనికి దడగా ఉంది.

"టీ తర్వాత చూద్దాం," అన్నాడు చివరికి. "వచ్చి ఇక్కడ కూర్చో."

"నేనా? చేసింది చాలదా?"

"చేసిందానివి నువ్వే విప్పు."

అతను ఫ్లాష్ గుచ్చి చెబుతుంటే ఆవిడ టైపు కొట్టింది. వేళ్లకు జిగురు, అక్షరానికో తప్పు. ఫిక్రీ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కట్టుకోకపోతే అవి ఆగేలా లేవు. ఆవిడ చివరి మీట నొక్కి, ఫ్లాష్ తీసి అతని చేతికిచ్చి, కళ్లు మూసుకుంది. పెట్టె గురకపెట్టింది, ఆలోచించింది, ఆ తర్వాత నీలంగా వెలిగింది. షౌకీ గులాబీ తెర మీదికొచ్చింది. ఒక రేక కాస్త వంకర. షౌకీ జ్వరంలో గీశాడు, అలాగే ఉంచేశాడు. సాఫినాజ్ తలగుడ్డ కొంగుతో ముందు తెర తుడిచింది, తర్వాత కళ్లు.

"ఇప్పుడు విండోస్‌ని నొక్కు. గులాబీల జోలికి పోకు," అన్నాడు ఫిక్రీ.

ఆవిడ ఇంకో వరస కొట్టింది. ఫైళ్ల పేర్లు తెర మీద మెల్లగా కదలసాగాయి. బయట అబుల్ మాతీ మోటారుసైకిల్ హారన్ మోగించాడు.

"బండి నిండిపోతోంది బాబాయ్! లేకపోతే చెప్పు, నేనే వెళ్లి నిఖా చేసుకొస్తా."

"ఇది అయ్యేదాకా..." అని సాఫినాజ్ ఆగిపోయింది. "వద్దులే, వెళ్లన్నా. మళ్లీ ఆగితే ఏం చెయ్యాలో చూశాను కదా. మీసంలో పొట్టుంది, తుడుచుకో."

ఫిక్రీ మీసం తుడుచుకున్నాడు, సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, వెనక్కి వచ్చి, తెర పక్కనున్న గోడ దగ్గర ఏదో చేసి, ఇక ఆగకుండా వెళ్లిపోయాడు.

బండిలో కిటికీ పక్క సీటు దొరికింది. ఇక్రామ్‌కు ఫోను చేశాడు.

"ఎక్కాను."

"బీరువా తలుపు తీసే ఉంచాను," అంది ఆవిడ.

ఊరి పొలిమేర దాటుతుంటే అలవాటుగా మెడ తడుముకున్నాడు. గుండీ తప్ప ఏమీ తగల్లేదు. గోడవైపు తిరగడానికి బండిలో గోడ లేదు, కిటికీలోంచి గాలి మొహాన కొడుతోంది. చాలాకాలానికి అతనికి సంతోషంగా ఉంది.

కార్ఖానాలో చెక్కుడు మిషను మళ్లీ మొదలై మిగిలిన సగం గులాబీ మీదికి దిగింది. షౌకీ పెన్సిళ్లు వేలాడే మేకుకు, చెమటకు చారికలు కట్టిన నల్లతాడుతో ఒక ఫ్లాష్ వేలాడుతోంది. దాని మీద అప్పుడే సన్నగా కొత్త పొట్టు వాలుతోంది.