ఎలపట గడి

ఇమ్మానుయేల్ భుజం మీది తువ్వాలుతో మానిటర్ తుడిచాడు. ఇనుప రజను రోజూ తుడిచినా రోజూ పడుతుంది. కీబోర్డును బోర్లించి రెండుసార్లు తట్టాడు. సన్నని నల్లటి పొడి బల్ల మీద రాలింది. దాన్ని అరచేత్తో కిందికి నెట్టి, కుర్చీ మీద మడిచి వేసుకున్న గోనెసంచి సర్దుకొని కూర్చున్నాడు. కంప్యూటర్ తెరుచుకోవడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. అంతలో దగ్గు వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకొని దగ్గి, దాని లోపలివైపు చూడకుండానే మడిచాడు.

ఆత్మకూరు బస్టాండు వెనకాల రేకుల షెడ్డు అది. గుంటకలు, దంతెలు, ట్రాక్టరు నాగళ్లు, ఇనుప గొట్టాలతో ఎడ్ల కాడ్లు చేస్తారు. ఇమ్మానుయేల్ గీస్తాడు, గోవిందు కోసి అతుకు పెడతాడు. ఇమ్మానుయేల్‌కు యాభై నాలుగేళ్లు. పొడుగు మనిషి, కానీ వంగి కూర్చోవడం వల్ల ఎవరికీ పొడుగ్గా కనిపించడు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. అది పూణె దగ్గర రాళ్ల మిషన్లో పోయింది. అక్కడ పదమూడేళ్లు పనిచేశాడు. ఆఫీసు గది ఊడ్చే పని దొరికినప్పుడు, అక్కడి ఇంజనీరు బద్ధకస్తుడు కాబట్టి, అంకెలు కొట్టే పని ఇతనికి అప్పజెప్పాడు. అలా నేర్చుకున్నాడు. ఆ రాళ్ల దుమ్ము మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది.

కాడి బొమ్మను అతను మళ్లీ మళ్లీ గీయడు. పదకొండేళ్ల కిందట ఒక్కసారే గీశాడు. అప్పుడు కూడా సగమే గీశాడు. నడిమి గీత దగ్గర అద్దం పెట్టినట్టు రెండో సగం దానంతట అదే వచ్చేది. కొలతలు బొమ్మలో ఉండవు, పక్కనున్న ఎక్సెల్ పట్టికలో ఉంటాయి. ఒక్కో వరుస ఒక్కో రైతుది. వరుసలో అంకె మారిస్తే బొమ్మ సాగుతుంది, ముడుచుకుంటుంది. తర్వాత కొందరు రైతులు తమ ఎడ్లు సమానంగా లేవని చెప్పారు. అప్పుడు అద్దం తీసేసి, పట్టికలో రెండు గడులు పెట్టాడు. ఎడమ పక్క ఎద్దుకు దాపట గడి, కుడి పక్క ఎద్దుకు ఎలపట గడి. అయినా చాలా జతలకు రెండూ ఒకటే అంకె. అందుకని ఎలపట గడి ఖాళీగా ఉంటే దాపట అంకెనే తీసుకొనేట్టు చేసి పెట్టాడు. చేతికి కొంచెం పని తగ్గుతుందని చేసిన ఏర్పాటు అది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

మొదటి ఏడు నూట నలభై వరుసలు పడ్డాయి. ఈ ఏడు జూన్ వచ్చినా ఆరే.

పది దాటాక రేణుకమ్మ వచ్చింది. వీపనగండ్ల అవతల ఊరు. అరవై దగ్గర పడిన మనిషి, కొంగు నడుముకు బిగించి ఉంది. షెడ్డులో గోవిందు ఇనుము కోస్తున్నాడు. ఆ చప్పుడులో ఆమె రెండుసార్లు పిలిస్తే గానీ ఇమ్మానుయేల్‌కు వినపడలేదు.

“అన్నా, కాడి గావాలె. ఉన్నది పలిగింది.”

“ఎంత పొడుగుంటది అక్కా?”

“గదంత నాకేం ఎరుక. మా ఎలపటిది కుంటిది. నాలుగేండ్ల కింద గుంతల పడ్డది. దాని దిక్కు నాలుగు వేళ్లు పొడుగు పెట్టుకున్నడు మా ఆయన. అప్పుడు బరువు దాపటి దాని మీదికి పోతది.”

ఇమ్మానుయేల్ తలూపాడు. “నాలుగు వేళ్లంటే ఎవరి వేళ్లు?”

ఆమె తన చేయి చూసుకుంది. “ఆయనయి. పోయిన కార్తీకంల పోయిండు. ఇప్పుడు నేనే దున్నుతున్న.”

అతను ఆమె చేయి బల్ల మీద పెట్టించి, నాలుగు వేళ్ల మీద స్కేలు పెట్టాడు. అరవై రెండు మిల్లీమీటర్లు. ఆమె నవ్వింది.

“నాయి పుల్లలన్నా. ఆయన చెయ్యి జొన్నరొట్టెంత ఉండె. గదే చెయ్యి ఎద్దు మీద పడితే ఎద్దు ఉరుకుతుండె, నా మీద పడితే నేను ఉరుకుతుంటి.”

“పాత కాడి తెస్తవా? దాన్ని కొలిచినంకనే కోస్తం.”

“రేపు మొదటి బస్సుకు తెస్త. కండక్టరు తిడ్తడు. తిడితే తిట్టనీ. నువ్వు మాత్రం సమానంగ చెయ్యకు. సమానంగ చేస్తే కుంటిది ఈ సాలు దాటదు. దాని జతకు ఇంకోటి తెచ్చే దినాలు గావు.”

“చెయ్యనక్కా.”

ఆమె వెళ్లాక కొత్త వరుసలో ఆమె పేరు కొట్టాడు. దాపట గడిలో 750 వేశాడు. ఎలపట గడి ఖాళీగా వదిలేశాడు. వరుస చివర, తెర మీద కనపడకుండా పక్కకు పోయే గడిలో, పాత కాడి చూసి కొలత వెయ్యాలి అని రాసుకున్నాడు. తేలని వరుసలకు పసుపు రంగు పూయడం అతని అలవాటు. పట్టిక భద్రపరిచి, రంగు కోసం చేయి కదిపేసరికి కరెంటు పోయింది.

కరెంటు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. తెరిచి చూస్తే వరుస ఉంది, అంకె ఉంది. రంగు సంగతి గుర్తు రాలేదు. అప్పుడే షెడ్డు యజమాని శ్రవణ్ కుమార్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు.

“అన్నా, ఈ సీజన్ అయితే కాడ్లు బంద్ జేద్దాం. ఏడాదికి ఆరు కాడ్లకు ఒక మనిషి, ఒక కంప్యూటర్ ఎందుకు చెప్పు. నాగళ్ల బొమ్మలు కంపెనీవాళ్లే ఇస్తున్నరు.”

“సరే సారూ.”

“దగ్గు ఎక్కువైందేంది? దవాఖానకు పోరాదూ.”

“పోయిన. దుమ్ము అన్నరు.”

“ఏం మందిచ్చిండ్రు?”

“దుమ్ముల ఉండొద్దన్నరు.”

శ్రవణ్ కుమార్ షెడ్డంతా ఒకసారి చూసి లేచాడు. గోవిందు ముఖానికి పెట్టుకున్న అద్దం పైకెత్తి, “ఏమంటుండు ఇమ్మన్నా?” అని అడిగాడు. “ఏం లేదు, దగ్గు అడిగిండు,” అన్నాడు ఇమ్మానుయేల్.

సాయంత్రం ఇంటికి వెళ్లే దారిలో ఊపిరి అందక మూడు చోట్ల ఆగాడు. ఇంట్లో భార్య ఎస్తేరమ్మ రొట్టె పెట్టింది. సగం తిన్నాడు.

“ఇంకో సగం ఎవలకు?” అంది ఆమె.

“పొద్దుగాల తింట. జల్ది పోవాలె. ఒకామె కాడి తెస్తది.”

తెల్లవారుజామున వాన పడింది. ఈ ఏడు అదే మొదటి వాన. ఎస్తేరమ్మ చూరు కింద గిన్నెలు పెట్టి, టీ కాచి, గ్లాసు పట్టుకొని మంచం దగ్గరికి వచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. గ్లాసు కింద పెట్టి, అతని పాదం పట్టుకొని చూసింది.

షెడ్డు దగ్గర అప్పటికే రైతులు గుమిగూడారు. వాన పడిందంటే అందరికీ అదే పూట అన్నీ కావాలి. ఇమ్మానుయేల్ రాలేదని శ్రవణ్ కుమార్ తానే కంప్యూటర్ తెరిచాడు. కోయకుండా మిగిలింది రేణుకమ్మ వరుసే. దానికి పసుపు రంగు లేదు, ఒకటే అంకె ఉంది. బొమ్మ మాత్రం పూర్తిగా వచ్చింది, రెండు పక్కలా సమానంగా, ఏ తేడా లేకుండా. కాగితం తీసి గోవిందుకు ఇచ్చాడు. గోవిందు గొట్టం కోసి, నడుమ కొక్కెం అతికి, తొమ్మిదిన్నరకు చల్లార్చాడు. అప్పుడు కబురు వచ్చింది. గోవిందు చేతి తొడుగులు విప్పి బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు.

రేణుకమ్మ బస్సు వానకు ఆలస్యమై పదకొండుకు చేరింది. పలిగిన చెక్క కాడిని గోనెపట్టాలో చుట్టి భుజాన మోసుకొచ్చింది. గోడకు ఆనించి ఉన్న కొత్త కాడిని చూసి, దగ్గరికి వెళ్లి, రెండు పక్కలా జానలతో కొలిచింది.

“సారూ, గిది సమానంగున్నది.”

“కంప్యూటర్ల గట్లనే ఉన్నదమ్మా.”

“నిన్న ఆ అన్నకు చెప్పిన గదా. ఏడి?”

శ్రవణ్ కుమార్ గోవిందు వదిలిన తొడుగులను పక్కకు జరిపాడు. “పోయిండు. ఇయ్యాల్ల పొద్దుగాల.”

రేణుకమ్మ గోనెపట్టా కింద పెట్టి, దాని పక్కనే కూర్చుంది. “నిన్న నా చెయ్యి కొలిచిండు,” అంది.

“గొట్టం కోసేసిండ్రు. గోవిందు ఆయన మట్టికి పోయిండు. రెండు దినాలు ఆగు, ఇంకోటి చేపిస్త.”

“నేల పదును రెండు దినాలు ఆగుతదా సారూ.”

ఆమె లేచి కొత్త కాడిని ఎత్తుకుంది. గడప దాటుతూ, “కుంటిది మొయ్యలేదు,” అంది. అతనితో కాదు. రెండు కాడ్లు ఒక్క మనిషి మోయలేదు కాబట్టి పాతది అక్కడే వదిలింది.

దాన్ని ఎవరో తీసి ఇమ్మానుయేల్ కుర్చీ పక్కన గోడకు ఆనించారు. గోనెపట్టా జారి కింద పడింది. ఆ చెక్క మీద, సరిగ్గా నడిమికి కాకుండా దాపట పక్కకు జరిగి, ఏళ్లుగా నాగలి మోకు ఒరిసి నున్నబడిన గాడి, అందులో నిరుటి మట్టి.