మేడమీది పోర్షన్‌కి నాలుగు వాక్యాలు

హెలెన్ తెనాలిలో బసవేశ్వరరావు గారి రియల్ ఎస్టేట్ ఆఫీసులో ప్రకటనలు రాస్తుంది. అద్దె ఇల్లు ఏది వచ్చినా వెళ్ళి చూసి, నాలుగు వాక్యాలు రాసి, ఫోటోలతో ఆఫీసు వెబ్‌సైట్‌లో పెట్టడం ఆమె పని. ఊళ్ళో అందరికీ ఇళ్ళు చూపించే ఆ మనిషికి మాత్రం అక్కడ ఇల్లు దొరకలేదు. భర్త జాన్సన్ బాపట్లలో గుమాస్తా. తోటివాళ్ళతో ఒక గదిలో ఉంటాడు. ఆమె కూతురు మనీషాతో రేపల్లెలో పుట్టింట్లో ఉండి, రోజూ రైల్లో వచ్చిపోతుంది. తెనాలిలో రెండు గదులు దొరికితే ముగ్గురూ ఒకచోట కూర్చుని అన్నం తినొచ్చు. నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. “మీరేవిట్లమ్మా?” అని ఇంటివాళ్ళు కులం అడిగేవారు. చెప్పాక, ఇల్లు నిన్ననే ఇచ్చేశామనేవారు.

ఆ మంగళవారం రిటైరైన మేష్టారు అచ్యుతరామయ్య తన మేడమీది పోర్షన్ చూపించారు. తూర్పు వరండా నిండా ఎండ పరుచుకుని ఉంది. హెలెన్ ఫోటోలు తీయడం మరిచి నిలబడిపోయింది. ఆ ఎండలో మనీషా జడ వేయించుకుంటున్నట్టు, జాన్సన్ చొక్కా ఆరేస్తున్నట్టు అనిపించింది.

“రాసుకోమ్మా,” అన్నారాయన. “శాకాహార కుటుంబానికి మాత్రమే. మావాళ్ళకే ప్రాధాన్యం.”

ఆమె పెన్ను ఆగింది. “ఇల్లెలా ఉందో రాస్తాను బాబాయిగారూ. ఎవరు రాకూడదో మాత్రం రాయలేనండి.”

“అందరూ రాసేదేగా?”

“అవునండి. అది చదివి మెట్ల దగ్గర్నుంచే వెనక్కి వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను.”

ఆమె అక్కడే నాలుగు వాక్యాలు రాసి, చదివి వినిపించింది: “రెండు గదులు, తూర్పు వరండా. పదింటిదాకా ఎండ. మెట్లు ఇరవై రెండు, కాస్త నిటారు. పెద్ద వానకి వీధిలో నీళ్ళు నిలుస్తాయి, పూటలో దిగిపోతాయి.”

“నీళ్ళ సంగతి దేనికమ్మా?”

“వచ్చాక తెలిసేదేగా. ముందే చెబితే మిగతాది కూడా నమ్ముతారండి.”

“సరే, అలాగే పెట్టు. ఎవరొస్తారో చూద్దాం.”

ఆఫీసులో బసవేశ్వరరావు విని, “నువ్వే అడగలేకపోయావా? ఆయన కాదనేవాడు కాదు,” అన్నాడు.

“ఇవాళ అడిగితే నా కోసమే ఆ మాట తీయించినట్టవుతుంది సార్. వారం ఉండనిద్దాం. ఎవరూ రాకపోతే అప్పుడడుగుతాను.”

వారం ఆగలేదు. గురువారమే సారా అనే నర్సు, భర్త లాజరు, అత్తగారితో వచ్చింది. “మెట్లున్నాయని రాసినవాళ్ళు మీరొక్కరేనండి. అందుకే అత్తయ్యని తీసుకొచ్చి ఎక్కించి చూశాం,” అంది. అచ్యుతరామయ్య వాళ్ళని మరేమీ అడగలేదు, ఎప్పుడు చేరతారని తప్ప. తాళాలు హెలెనే అందించింది. సంతోషమే వేసింది. కానీ సాయంత్రం రేపల్లె రైల్లో, ఫోన్‌లోంచి ఆ ప్రకటన తీసేయబోతూ, మూడుసార్లు చదువుకుంది.

ఆదివారం జాన్సన్ రేపల్లె వచ్చాడు. ప్రార్థన నుంచి తిరిగొస్తూ జరిగిందంతా చెప్పింది.

“నువ్వు చేసింది తప్పని అనను,” అన్నాడతను. “ఇల్లెలా ఉందో చెప్పు.”

చెప్పింది. మధ్యాహ్నమంతా చెప్పింది, అతన్ని రైలెక్కిస్తూ స్టేషన్‌లో కూడా. రైలు కదిలాక గానీ వంటగది సంగతి చెప్పలేదని ఆమెకు గుర్తు రాలేదు.