నెమ్మదిగా పెరిగే గడ్డ

తన ఊపిరితిత్తుల కోసం ప్రార్థన చేయడానికి సాయంత్రం రాబోయే నలభై మందికి ఎస్తేరు పొద్దున్నుంచీ ఉల్లిపాయలు తరుగుతోంది. ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటే వచ్చినవాళ్ళకు బగారన్నం పెట్టాలి. రోగి ఎస్తేరు, వంటమనిషీ ఎస్తేరే. ఇందులో ఎవరికీ ఏ తేడా కనబడలేదు.

ఆరేళ్ళుగా దగ్గు. ఎనుమాముల మార్కెట్లో గుమాస్తా చేసే మొగుడు సుందర్ రావు, "ఇరువై ఏండ్ల సంది మిర్చి బస్తాల నడుమ తిరుగుతాన్న, నాకే లేదు దగ్గు. ఇంట్ల కూసున్నదానివి నీకెక్కడిది?" అనేవాడు. ఉన్నట్టుండి ఆమె మొహం ఎర్రబడి వేడెక్కేది. అది చూసి అత్త, "ఒక్క మాటంటే చాలు, ఎట్ల కోపం చేస్తాందో చూడు" అనేది. నిజానికి ఎస్తేరుకు కోపం కూడా వచ్చేది, కాకపోతే ఆ ఎరుపు దానిది కాదు. ఆస్తమా అని ఒకాయన పీల్చే మందు రాశాడు. నాలుగేళ్ళు పీల్చింది. ఒకనాడు కళ్ళెలో నెత్తుటి చార కనబడితే తప్ప పెద్ద దవాఖానకు తీసుకుపోయిన పాపాన ఎవరూ పోలేదు.

గొట్టం వేసి చూసిన డాక్టరమ్మ విడమరచి చెప్పింది. "ఇది ఊపిరితిత్తిల గడ్డ, కార్సినాయిడ్ అంటరమ్మా. నీ మొహం ఊకె ఎర్రబడేది గూడ దీనితోనే. శానా తక్కువ మందికి వస్తది. నెమ్మదిగ పెరుగుతది. నీకు ఇంకెక్కడికీ పాకలే. మొత్తం తీసేస్తే పదిమందిల తొమ్మిదిమంది పైన మంచిగుంటరు. ఉంచుకుంటే మాత్రం గాలి పోయే తోవ మూసుకపోతది, నిమోనియా పడతది, పాకినా పాకొచ్చు. సోమవారం ఆపరేషన్ చేద్దాం."

ఇంత చెబితే సుందర్ రావు చెవికెక్కింది 'నెమ్మదిగ' ఒక్కటే.

"ఆరేండ్లు ఆగింది, క్రిస్మస్ దాక ఆగదా? క్యారల్స్ వాళ్ళకు ఈసారి మనింట్లనే భోజనాలు. నువ్వు మంచమెక్కితే ఎట్ల?" అన్నాడు ఆటోలోనే. ఇంటికొచ్చాక అత్త కూడా లైన్లోకి వచ్చింది. "నా మోకాలు ఆపరేషన్ అయినంక చూస్కోండ్రి. నాకు ఎవలు చేస్తరు?"

ఎస్తేరుకు గడ్డ మీదే ఒళ్ళు మండింది. కాస్త పొగరున్న గడ్డయితే ఈపాటికి ఇల్లంతా తన మంచం చుట్టూ ఉండేది. ఇదేమో అచ్చం తనలాగే, సప్పుడు లేకుండా ఓ మూలన కూర్చుంది. మళ్ళీ అంతలోనే భయం. ఆ మిగిలిన ఒక్కరూ తానైతే? బతకాలని ఉంది ఆమెకు. ఎవరికో వండి పెట్టడానికి కాదు, ఊరికే బతకాలని. ఆ కోరిక ఇంత గట్టిగా ఉందని నలభై ఆరేళ్ళొచ్చాక ఇప్పుడే తెలిసింది. ఉల్లిపాయల మీద నెపం పెట్టి కడుపారా ఏడ్చింది.

సాయంత్రం పాటలయ్యాక పాస్టరు ప్రార్థన విన్నపాలు చెప్పమన్నాడు. సుందర్ రావు లేచి చేతులు కట్టుకున్నాడు.

"మా ఇంటామె ఆపరేషన్ జనవరిల చేపిద్దామనుకుంటున్నం. అప్పటిదాక గడ్డ పెరగకుంట ప్రార్థన చేయండ్రి."

పాస్టరు కళ్ళు మూసుకోబోతుంటే వంటింటి గుమ్మంలోంచి ఎస్తేరు ముందుకొచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది.

"అయ్యగారూ, నాదొక విన్నపం. గడ్డ సంగతి డాక్టరమ్మ చూస్కుంటది. నిన్న పోయి సోమవారానికే సంతకం పెట్టొచ్చిన. క్యారల్స్ వాళ్ళకు ఈసారి ఈయన వండుతడు. స్టవ్ ఎట్ల అంటియ్యాల్నో గూడ తెల్వదు. ఆయన కోసం జర గట్టిగ ప్రార్థన చేయండ్రి."

పాస్టరు ఇంకా నోరు తెరవనే లేదు, ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కపెట్టున ఆమెన్ వినబడింది.