ఆపితే ఆరే గొడుగు

పాత గొడుగు ఊచలకు రంగుబల్బులు కట్టి గిరగిరా తిప్పడమంటే ఆ ఎలక్ట్రీషియన్ అమ్మాయికి మహా సరదా. ఈసారి గొడుగు మీద రెండు లేజర్లు కూడా బిగిస్తానని ఇంట్లో నోరు జారింది. వదినేమో కంటి ఆసుపత్రిలో నర్సు. ఇంకేముంది, ఇంతెత్తున లేచింది.

"కళ్లంటే ఆటలుగా ఉందా నీకు? ఎంత చిన్న లేజరైనా సరే, పైకప్పు మీద తప్ప ఇంకెక్కడా పడటానికి వీల్లేదు. గొడుగు కాస్త వంగినా, తిరగడం ఆగినా టక్కున ఆరిపోవాలి. లేదంటే గొడుగుతో సహా నువ్వూ బయటికే!"

వదినతో వాదించి గెలిచినవాళ్లు ఆ ఇంట్లో ఇంతవరకూ లేరు. ఆడపడుచు మూడు రోజులు కిందామీదా పడింది. దొరికినవాటిలో అతి తక్కువ పవర్ ఉన్న లేజర్లు తెచ్చి, నిలువునా పైకి చూసేలా బిగించి, వదిన పెట్టిన షరతులకు చెరో స్విచ్చూ అమర్చింది.

ఆదివారం పొద్దున పరీక్ష. వదిన గొడుగును ఖాళీ గోడవైపు వంచింది, లేజర్లు ఆరిపోయాయి. తిప్పడం ఆపింది, ఆరిపోయాయి. మళ్లీ తిప్పింది. తెల్లటి పైకప్పు మీద రెండు ఎర్రటి చక్రాలు విచ్చుకున్నాయి. వాటితోపాటు వదిన ముఖం కూడా.

పావుగంట గడిచింది. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అన్నయ్య కాఫీ కోసం రెండుసార్లు కేకేశాడు. వదిన గొడుగు వదిలితేగా!

"ఇంక ఆపు వదినా, చెయ్యి పడిపోతుంది."

"ఎలా ఆపనే? ఆపితే ఆరిపోతాయిగా!" వదిన కయ్యిమంది. "అసలు ఇలా చెయ్యమని నీకు ఏ తెలివితక్కువది చెప్పిందే?"